6 ఎంఎం డాషర్ రైఫిల్ కట్టించాలంటే ముందు బుల్లెట్ తేల్చుకోండి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. మీ దగ్గర .308 తూటాల కుటుంబానికి సరిపోయే పాత బోల్ట్ యాక్షన్ (బ్యారెల్ వెనక తూటాను బిగించి పేల్చే భాగం) ఒకటి ఉంది. దానికి 6 ఎంఎం డాషర్ అనే కార్ట్రిడ్జ్‌కి (బుల్లెట్, మందు, ఇత్తడి కేస్ కలిసిన పూర్తి తూటాకి) సరిపడే బ్యారెల్ వేయించి, 300 నుంచి 600 మీటర్ల టార్గెట్ పోటీల్లో వాడాలనుకుంటున్నారు. ఏ రకం బ్యారెల్ కొనాలి, ఎంత పొడవు ఉండాలి, యాక్షన్ మార్చాలా, చివరికి ఎంత గ్రూప్ (షాట్లన్నీ ఎంత దగ్గరగా పడతాయన్న కొలత) ఆశించవచ్చు అని అడిగారు. అన్నిటికీ చెబుతాను, కానీ మీరు అడిగిన వరుసలో కాదు. మీ జాబితాలో బ్యారెల్ ఉంది, యాక్షన్ ఉంది, స్టాక్, ట్రిగ్గర్, స్కోప్ కూడా ఉన్నాయి. బుల్లెట్ పేరు మాత్రం ఎక్కడా లేదు. టార్గెట్ రైఫిల్‌లో మిగతా లెక్కలన్నీ బుల్లెట్ దగ్గరే మొదలవుతాయి. అది తేలకుండా బ్యారెల్ ఆర్డర్ చేయొద్దు.

ఇది ఎంత పెద్ద విషయమో చెప్పడానికి ఒక పాత ఉదాహరణ చాలు. 1955లో వించెస్టర్ .243ని, రెమింగ్టన్ .244ని తెచ్చాయి. రెండూ 6 ఎంఎం కార్ట్రిడ్జ్‌లే. కేస్ విషయంలో రెమింగ్టన్‌ది ఏమాత్రం తీసిపోయేది కాదు. కానీ వించెస్టర్ తన బ్యారెళ్ల లోపలి గాడులకు 10 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే ట్విస్ట్ ఇచ్చింది, రెమింగ్టన్ 12 అంగుళాలకు ఒక చుట్టు ఇచ్చింది. తేలికపాటి బుల్లెట్లతో చిన్న జంతువులను వేటాడేవాళ్లే ఎక్కువగా కొంటారని రెమింగ్టన్ అనుకుంది. జనం 100 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలమానం) బుల్లెట్ కావాలన్నారు. ఆ పొడవాటి బుల్లెట్‌ను 12 ట్విస్ట్ గాలిలో దొర్లకుండా నమ్మకంగా నిలబెట్టలేకపోయింది. తర్వాత ట్విస్ట్‌ను 9కి మార్చి, 1963లో 6 ఎంఎం రెమింగ్టన్ అని పేరు కూడా మార్చారు. అప్పటికే జనం .243 వైపు వెళ్లిపోయారు. మంచి కేస్, మంచి రైఫిల్ ఉన్నా బుల్లెట్ అంచనా తప్పితే ఇలాగే ఉంటుంది.

ట్విస్ట్‌ను తేల్చేది ప్రధానంగా బుల్లెట్ పొడవు. బరువును బట్టి అనుకోవడం అలవాటైపోయింది గానీ, 1879లో గ్రీన్‌హిల్ ఇచ్చిన సూత్రంలో కూడా ఉన్నది వ్యాసమూ పొడవే. ఇప్పుడు అందరూ వాడే మిల్లర్ సూత్రం దానికంటే మెరుగైనది. అందులో స్టెబిలిటీ లెక్క 1.5 దగ్గర గానీ, పైన గానీ వచ్చేలా చూసుకుంటే నిశ్చింతగా ఉండొచ్చు. 6 ఎంఎం పీపీసీ అనే కార్ట్రిడ్జ్‌తో 100, 200 గజాల బెంచ్‌రెస్ట్ (రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాల్చే పోటీ) ఆడేవాళ్లు 68 గ్రెయిన్ల దరిదాపుల్లో ఉండే పొట్టి, చదును అడుగు బుల్లెట్లు వాడతారు. వాళ్ల బ్యారెల్ ట్విస్ట్ 13.5 లేదా 14. మీరు 600 మీటర్ల దాకా వెళ్తానంటున్నారు కాబట్టి 105 గ్రెయిన్ల తరగతి సన్నపాటి పొడవు బుల్లెట్లు కావాలి. వాటికి 8 ట్విస్ట్. ఆ బ్యారెల్ వాళ్లకు పనికిరాదు, వాళ్ల బ్యారెల్ మీకు పనికిరాదు. బోర్ వ్యాసం ఒకటే కదా అని ఎక్కడైనా చవగ్గా దొరికిన 6 ఎంఎం బ్యారెల్ కొనేయకండి.

కాబట్టి మొదటి పని, 105 గ్రెయిన్ల తరగతిలో మీకు నిలకడగా దొరికే బుల్లెట్ ఒకటి ఎంచుకుని రెండు మూడు పెట్టెలు ఒకే లాట్‌వి తెచ్చుకోవడం. ఏది గొప్పదన్న చర్చ అక్కర్లేదు. పేరున్న మ్యాచ్ బుల్లెట్లన్నీ బాగానే కాలుస్తాయి. వచ్చే ఏడాది కూడా అదే దొరుకుతుందా అన్నదే చూసుకోండి.

ఇప్పుడు డాషర్ సంగతి. 6 ఎంఎం బీఆర్ అనే కార్ట్రిడ్జ్ కేస్ భుజాన్ని (ఒళ్లు సన్నబడి మెడగా మారే వాలును) దాదాపు 0.100 అంగుళం ముందుకు జరిపి, 40 డిగ్రీల కోణం ఇస్తే డాషర్ అవుతుంది. మందు కొంచెం ఎక్కువ పడుతుంది, వేగం కొంచెం పెరుగుతుంది. 600 గజాల బెంచ్‌రెస్ట్‌లో దీనికి వచ్చిన పేరు ఊరికే రాలేదు. అయినా కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎవరు అడిగినా నేను ముందు ఒక ప్రశ్న వేస్తాను: మామూలు 6 బీఆర్ ఎందుకు వద్దు? అదే బుల్లెట్, మంచి కేసులు తయారుగా దొరుకుతాయి, బ్యారెల్ ఇంకాస్త ఎక్కువ కాలం వస్తుంది. 300 మీటర్లలో డాషర్ వల్ల ఒరిగేది పెద్దగా లేదు. 600 దగ్గర గాలికి కొట్టుకుపోవడం కాస్త తగ్గుతుంది, అది నిజమైన లాభమే. మీ పోటీల్లో సగానికి పైగా 600 మీటర్లవే అయితే డాషర్‌కి వెళ్లండి. లేకపోతే బీఆర్‌తోనే సుఖంగా ఉంటారు. ఇంకొకటి, మీరు ఏ విభాగంలో పోటీ చేస్తారో ఆ నిబంధనలు ముందే చదవండి. ఎఫ్-క్లాస్ అనే దూరపు టార్గెట్ పోటీల్లో, ఎఫ్-టీఆర్ విభాగంలో .223 రెమింగ్టన్, .308 వించెస్టర్ తప్ప వేరేవి ఒప్పుకోరు. డాషర్‌తో వెళ్లాలంటే ఎఫ్-ఓపెన్. అక్కడ రైఫిల్ మొత్తం బరువు స్కోప్‌తో సహా 10 కిలోలు దాటకూడదు.

డాషరే అనుకుంటే కేసుల దగ్గర ఒక జాగ్రత్త ఉంది, దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. చాంబర్ అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది. కేస్‌ను కాల్చి కాస్త పెద్దది చేసుకునే యాక్లీ ఇంప్రూవ్డ్ తరహా చాంబర్లలో అసలు కార్ట్రిడ్జ్‌ను అలాగే పెట్టి కాల్చవచ్చు. ఎందుకంటే మెడా భుజమూ కలిసే చోట కేస్ ఆనుకునేలా ఆ చాంబర్ కొలత పెడతారు. డాషర్‌లో భుజమే ముందుకు పోయింది. మామూలు 6 బీఆర్ రౌండ్‌ను డాషర్ చాంబర్‌లో వేస్తే ముందు దానికి ఆనే చోటు లేదు. ఫైరింగ్ పిన్ తగలగానే కేస్ ముందుకు జరుగుతుంది, ఒత్తిడికి అడుగు భాగం వెనక్కి సాగుతుంది, అడుగుకు కాస్త పైన గోడ పల్చబడి తెగిపోయే ప్రమాదం కూడా ఉంది. అందుకే ఫైర్‌ఫార్మింగ్ (చాంబర్‌లో కాల్చి కేస్‌ను దాని ఆకారానికి తేవడం) చేసేవాళ్లు మెడ మీద ఒక దొంగ భుజం తయారుచేసి, బోల్ట్ మూసేటప్పుడు అది గట్టిగా ఆనేలా చూసుకుంటారు. ఈ పని ఇదివరకే చేసినవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోండి. ఇప్పుడు తయారై వచ్చే డాషర్ కేసులూ దొరుకుతున్నాయి. మొదటి రైఫిల్‌కి అవే కొనమని నా సలహా. ధర ఎక్కువే, కానీ ఫైర్‌ఫార్మింగ్‌కి కాల్చే ప్రతి రౌండూ మీ కొత్త బ్యారెల్ ఆయుష్షులోంచే పోతుంది.

బుల్లెట్, కేస్ రెండూ చేతిలోకి వచ్చాయి. ఇప్పుడు అసలైన విషయం, రీమర్ ప్రింట్. చాంబర్‌ను తొలిచే రీమర్ కొలతలన్నీ ఉండే డ్రాయింగ్ అది. ఆ కాగితం చూడకుండా, "డాషర్ చాంబర్ వేయండి" అని ఒక్క మాట చెప్పి బ్యారెల్ ఇచ్చి రావొద్దు. డాషర్ రీమర్లు ఒకటి కాదు, చాలా రకాలున్నాయి. అందులో మీరు చూడాల్సినవి రెండే, మెడ వ్యాసం, ఫ్రీబోర్ (చాంబర్ మెడ దాటాక గాడులు మొదలయ్యే దాకా ఉండే నున్నటి భాగం).

మెడ సంగతి ముందు. మంచి కేస్‌లో బుల్లెట్ కూర్చోబెట్టాక మెడ బయటి వ్యాసం సాధారణంగా 0.268 నుంచి 0.269 అంగుళం వస్తుంది. చాంబర్ మెడ 0.272 ఉంటే చుట్టూ సరిపడా ఖాళీ ఉంటుంది. కేస్ మెడలు చెక్కాల్సిన అవసరం రాదు. ఇంకా బిగుతైన చాంబర్లు ఉన్నాయి. వాటిలో ప్రతి కేస్ మెడనూ చెక్కి, కొలిచి వాడాలి. అలా చెక్కని కేస్ ఒకటి పొరపాటున కలిసిపోతే మెడ విచ్చుకోవడానికి చోటు ఉండదు, బుల్లెట్ వదలదు, ఒత్తిడి ఒక్కసారిగా పైకి పోతుంది. పోటీ రోజు టెన్షన్‌లో పెట్టెలు కలిసిపోవడం ఎవరికైనా జరగొచ్చు. 0.272 తీసుకోండి. కచ్చితత్వంలో మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు.

ఫ్రీబోర్‌కి డమ్మీ రౌండ్ కావాలి. మందు లేని, ప్రైమర్ (పిన్ తగలగానే మందును అంటించే చిన్న గిన్నె) లేని కేస్ ఒకటి తీసుకుని మీరు ఎంచుకున్న బుల్లెట్‌ను అందులో కూర్చోబెట్టండి. బుల్లెట్‌ను వేళ్ల మధ్య తిప్పి చూస్తే నిటారుగా ఉన్న ఒళ్లు ముగిసి, తోక సన్నబడే గీత ఒకటి కనిపిస్తుంది. ఆ గీత కేస్ మెడా భుజమూ కలిసే చోటికి కొంచెం పైన ఉండాలి. ఎందుకంటే, కాల్చినకొద్దీ ఇత్తడి భుజం నుంచి మెడ అడుగులోకి జరిగి లోపల ఒక ఉంగరంలా పేరుకుంటుంది. దాన్ని డోనట్ అంటారు. బుల్లెట్ నిటారు భాగం ఆ ఉంగరంలో ఇరుక్కుంటే ఒక్కో రౌండ్‌ను ఒక్కోలా పట్టుకుంటుంది, వేగాలు చెదిరిపోతాయి. గీతను దానికి పైన ఉంచాలి, కానీ మరీ పైకి తెస్తే మెడలో పట్టు చాలదు. పైగా థ్రోట్ (గాడులు మొదలయ్యే చోటు) అరిగినకొద్దీ బుల్లెట్‌ను ఇంకా ముందుకు జరుపుకుంటూ పోవాలి కదా, దానికీ కాస్త మెడ మిగిలి ఉండాలి. ఈ రెండిటి మధ్య మీకు నచ్చిన చోట ఆపి, అలాంటివి రెండు తయారుచేసి, మీద "డమ్మీ" అని మార్కర్‌తో రాసి గన్‌స్మిత్‌కి ఇవ్వండి. లాండ్లు (గాడుల మధ్య ఉండే గట్లు) బుల్లెట్‌ను అక్కడ తాకాలంటే ఫ్రీబోర్ ఎంత ఉండాలో ఆయన కొలిచి చెబుతారు. మ్యాగజైన్‌తో కాల్చాలనుకుంటే మాత్రం ఇక్కడే ఆగి ఆలోచించండి. డాషర్ పొట్టి కేస్, .308 పొడవుకు చేసిన మ్యాగజైన్లలోంచి నేరుగా రాదు. దానికి ప్రత్యేకమైన మ్యాగజైన్ గానీ, కిట్ గానీ కావాలి. ఒక్కో రౌండ్ చేత్తో వేసుకుని కాల్చే పోటీలైతే ఈ గొడవే లేదు.

యాక్షన్ దగ్గరికి వస్తే, మీది .308 బోల్ట్ ఫేస్, అంటే 0.473 అంగుళం. బీఆర్, డాషర్ కేసుల అడుగూ అంతే, కాబట్టి సరిపోతుంది. అదే పీపీసీ అయితే అడుగు చిన్నది, వేరే బోల్ట్ కావాల్సి వచ్చేది. కానీ ఒక చిక్కు ఉంది. డాషర్ చిన్న రైఫిల్ ప్రైమర్ వాడుతుంది. చాలా ఫ్యాక్టరీ యాక్షన్లలో ఫైరింగ్ పిన్ లావుగా, దాని రంధ్రం వదులుగా ఉంటుంది. చిన్న ప్రైమర్ పలచటి గిన్నె ఒత్తిడికి ఆ రంధ్రంలోకి ఉబ్బి, ముక్క తెగి బోల్ట్ లోపలికి పోవచ్చు. ఇది మందు ఎక్కువ కావడం వల్లే వచ్చిందనుకుని చాలామంది మందు తగ్గిస్తూ పోతారు. ఆ లోడ్‌లో (మందు, బుల్లెట్ కలయికలో) తప్పు లేకపోవచ్చు. రంధ్రంలో బుష్ (దాన్ని సన్నగా చేసే లోహపు ముక్క) వేయించి, సన్నటి పిన్ పెట్టించుకుంటే ఆ సమస్య పోతుంది. మీ యాక్షన్ ఉంచుకుంటే ఈ పని తప్పకుండా చేయించండి.

దానితో పాటు గన్‌స్మిత్ చూడాల్సినవి: బోల్ట్ లగ్గులు రెండూ సమానంగా ఆనుతున్నాయా, రిసీవర్ (బోల్ట్ కదిలే యాక్షన్ ఒళ్లు) ముందు ముఖం, మరలు బోల్ట్ నడిచే గీతకు నిటారుగా ఉన్నాయా. ఇవన్నీ సరిచేయించి, కొత్త రికాయిల్ లగ్ (కాల్చినప్పటి తోపును స్టాక్‌కి అందించే ముక్క), బుష్, ట్రిగ్గర్ కలిపి లెక్క కట్టండి. ఆ మొత్తం కొత్త కస్టమ్ యాక్షన్ ధరలో ముప్పావు వంతు దాటితే పాతదాన్ని అలాగే ఉంచుకుని కొత్తది కొనమంటాను. కస్టమ్ యాక్షన్‌లో నాకు నచ్చేది గొప్పతనం కాదు, కొలతల్లో నిలకడ. వాటికి డ్రాయింగ్ చూసి బ్యారెల్‌ను ముందే తయారుచేసి పంపేవాళ్లున్నారు. బిగించి, హెడ్‌స్పేస్ గేజ్‌తో (తూటా చాంబర్‌లో సరైన లోతులో కూర్చుంటుందా చూసే కొలతతో) సరిచూసుకుంటే చాలు. పోటీల మధ్యలో బ్యారెల్ అరిగిపోయినప్పుడు ఈ వెసులుబాటు విలువ తెలుస్తుంది.

బ్యారెల్ రకం గురించి ఎక్కువ మధనపడకండి. గాడులు ఒక్కొక్కటిగా కోసినవైనా, బటన్ లాగి చేసినవైనా పేరున్న తయారీదార్లవి రెండూ పోటీలు గెలుస్తున్నాయి. 416ఆర్ స్టెయిన్‌లెస్, 8 ట్విస్ట్, లావుపాటి కాంటూర్ (బయటి ఆకారం) అడగండి. పొడవు 28 అంగుళాలు బాగుంటుంది. ఇంకో రెండు అంగుళాలు పెంచితే కాస్త వేగం వస్తుంది, బరువు ముందుకు పోతుంది. పది కిలోల పరిమితిలో బరువు ఎక్కడ పెట్టాలన్నది మీ పొజిషన్‌ను బట్టి మీరే తేల్చుకోవాలి.

బ్యారెల్ ఎవరు చేశారన్న దానికంటే చాంబర్ ఎవరు వేశారన్నదే ఫలితాన్ని ఎక్కువగా మారుస్తుందని నా నమ్మకం. గన్‌స్మిత్‌ను కలిసినప్పుడు లేత్ మీద బ్యారెల్‌ను ఎలా పట్టుకుంటారని అడగండి. బోర్‌ను బట్టి రెండు చివరలా డయల్ ఇండికేటర్‌తో సరిచూస్తానని వివరంగా చెబితే సంతోషం. విసుక్కుంటే ఇంకొకరిని చూసుకోండి. కోసేయగా మిగిలిన బ్యారెల్ ముక్కలో అదే రీమర్‌తో చిన్న గేజ్ తొలిచి ఇమ్మని కూడా అడగండి. ఆ ముక్క మీ చాంబర్‌కి నకలు. కేస్ భుజాన్ని ఎంత వెనక్కి నెట్టారో, థ్రోట్ ఎంత అరిగిందో చూసుకోవడానికి రైఫిల్ వాడినంత కాలం పనికొస్తుంది. సైజింగ్ డై (కాల్చిన కేస్‌ను మళ్లీ వాడడానికి తిరిగి కొలతకు నొక్కే అచ్చు) కూడా అదే రీమర్‌కి సరిపడేది కొనండి. భుజం 0.001 నుంచి 0.002 అంగుళం వెనక్కి పోతే చాలు, కానీ కేస్ అడుగు కూడా కాస్త తగ్గాలి. అక్కడ డై పట్టకపోతే కొన్నాళ్లకు బోల్ట్ ఎత్తేటప్పుడు చివర్లో టక్కున ఒక పట్టు తగులుతుంది. ప్రోన్‌లో పడుకుని ఆ బోల్ట్‌తో కుస్తీ పడితే తర్వాతి షాట్‌కి పొజిషన్ చెదిరిపోతుంది.

బెడ్డింగ్ (యాక్షన్ స్టాక్‌లో కూర్చున్న తీరు) ఎలా ఉందో మీరే ఇంట్లో పరీక్షించవచ్చు. రైఫిల్ ఖాళీ అని రెండుసార్లు చూసుకున్నాక, డయల్ ఇండికేటర్ పాదాన్ని బ్యారెల్‌కి బిగించి, ముల్లు స్టాక్ ముందు భాగానికి ఆనేలా పెట్టండి. ముందు స్క్రూను మెల్లగా వదులు చేస్తూ ముల్లును చూడండి. 0.002 అంగుళం లోపే కదిలితే బెడ్డింగ్ బాగుంది. అంతకు మించి ఎగిరితే, స్క్రూలు బిగించినప్పుడల్లా యాక్షన్ వంగుతోందని అర్థం. మళ్లీ చేయించండి. బ్యారెల్ మాత్రం స్టాక్‌కి ఎక్కడా తగలకూడదు.

ట్రిగ్గర్, స్టాక్, స్కోప్ మీ చేతికి, మీ కంటికి నచ్చినవి తీసుకోండి. స్కోప్ మౌంట్ల స్క్రూలు టార్క్ రెంచ్‌తో బిగించండి, అంతకంటే చెప్పేది లేదు.

చట్టం సంగతి. చాలా దేశాల్లో యాక్షన్, కొన్నిచోట్ల బ్యారెల్ కూడా విడిగా ఆయుధం కిందే లెక్క. క్యాలిబర్ మార్చితే లైసెన్స్‌లో ఎక్కించాలి, కొన్నిచోట్ల ప్రూఫ్ పరీక్ష (ఎక్కువ ఒత్తిడితో కాల్చి రైఫిల్ బలం చూడడం) కూడా కావాలి. డబ్బు కట్టకముందే అది తేల్చుకోండి. చాంబర్, యాక్షన్ పనులు లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్ చేతే చేయించండి. బ్యారెల్ మీద కార్ట్రిడ్జ్ పేరు, మెడ వ్యాసం చెక్కించండి. బీఆర్, డాషర్ రెండూ వాడే ఇంట్లో పెట్టెలు వేర్వేరు రంగుల్లో ఉండాలి. ఇంకొకరి రైఫిల్‌లో బాగా కాల్చిన లోడ్‌ను తెచ్చి మీ దాంట్లో అలాగే వాడొద్దు. మీ ఫ్రీబోర్, మీ మెడ వేరు. పుస్తకాల్లో ఇచ్చిన కనీస మందు నుంచే మొదలుపెట్టి, ఒత్తిడి గుర్తులు చూసుకుంటూ పైకి రండి.

గ్రూప్ ఎంత వస్తుందని అడిగారు. 100 మీటర్ల దగ్గర ఒక ఎంఓఏ (డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) అంటే దాదాపు 29 మిల్లీమీటర్లు. శ్రద్ధగా కట్టిన డాషర్, మంచి లోడ్‌తో, అర ఎంఓఏ లోపు ఐదు షాట్ల గ్రూపులు వరుసగా ఇవ్వాలి. వరుసగా అన్న మాట ముఖ్యం. మూడు షాట్లతో ఒక చిన్న గ్రూప్ పడగానే ఫొటో తీసుకుని లోడ్ దొరికిందనుకుంటారు. గ్రూప్ సైజును తేల్చేవి ఉన్నవాటిలో దూరంగా పడిన రెండు షాట్లే కాబట్టి మూడు షాట్ల మీద అదృష్టం పాలు చాలా ఎక్కువ. ఒకే గురి మీద 20 షాట్లు కాల్చి, వాటి కేంద్రం నుంచి సగటు దూరం లెక్క కట్టండి. రెండు లోడ్లను పోల్చడానికి అదే నమ్మదగిన కొలత. ఇక 600 మీటర్ల దగ్గర గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలి వీస్తే 105 గ్రెయిన్ల బుల్లెట్ అర మీటరుకు పైగా పక్కకు పోతుంది. అర ఎంఓఏ అక్కడ తొమ్మిది సెంటీమీటర్ల లోపే. కాబట్టి లోడ్ ఒకసారి కుదిరాక బెంచ్ మీద ఇంకా సన్నగా చెక్కుతూ బ్యారెల్ అరగదీసుకోకండి. మిగిలిన రౌండ్లు గాలి జెండాలు పెట్టుకుని దూరం మీద ఖర్చు పెట్టండి.

చివరిగా, బ్యారెల్ ఎంతకాలం వస్తుందని మీరు అడగలేదు గానీ, డబ్బు లెక్కలోకి రావాల్సిన విషయం. పోటీ స్థాయిలో డాషర్ బ్యారెల్ సుమారు 2,000 రౌండ్ల దాకా బాగుంటుందని అనుకోండి. వేడెక్కించి గబగబా కాల్చితే ఇంకా తక్కువ. మొదటి బ్యారెల్‌తో పాటే రెండోదాన్నీ ఆర్డర్ చేసి, అదే గన్‌స్మిత్ చేత అదే రీమర్‌తో చాంబర్ వేయించి పెట్టుకోండి. రీమర్ సీరియల్ నంబర్ మీ లోడ్ పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. కేసులు, డై, బుల్లెట్ ఏదీ మార్చకుండా సీజన్ మధ్యలో బ్యారెల్ మార్చుకుని, కొద్ది రౌండ్లలో మళ్లీ జీరో చేసుకుని (స్కోప్ గురి సరిచేసుకుని) పోటీకి వెళ్లిపోవచ్చు.